ఎగ్గొట్టడంలో ‘ఎగ’కు అర్థముందా?

ఇంగ్లీషులో ‘గివ్’ అంటే ఇవ్వడం, ‘అప్’ అంటే పైకి. ఈ రెండూ కలిసిన ‘గివ్ అప్’కు మాత్రం మానేయడం అనో, చేతులెత్తేయడం అనో అర్థం. అందులో ఇవ్వడమూ కనబడదు, పైకి అన్నదీ కనబడదు. ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం, ‘టర్న్ డౌన్’ అంటే కాదనడం, ‘లుక్ ఆఫ్టర్’ అంటే బాగోగులు చూసుకోవడం. క్రియ పక్కన అప్, డౌన్, ఆన్, ఆఫ్, ఇన్, అవుట్ లాంటి పొట్టి మాట చేరి ఇలా మరో అర్థం ఇచ్చే జంటలను ఫ్రేజల్ వర్బ్స్ అంటారు. ఆ పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ రాసిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ పుస్తకంతో వాడుకలోకి వచ్చింది. అంతకు చాలా ముందే, 1755లో, శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలో ఈ జంటలను ప్రత్యేకంగా ప్రస్తావించాడు. పరాయి దేశస్థులకు ఇంగ్లీషులో అన్నిటికన్నా కష్టం పెట్టేవి ఇవేనన్నాడు.

కర్నూలు నగరంలో కలిసిపోయిన కల్లూరులోనైనా, కడపలోనైనా, తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు నేర్చుకునే విద్యార్థి ముందు ఈ జంటల జాబితా ఒకటి పెడతారు. కంఠస్థం చేయమంటారు. అతనికి ఒక సందేహం రావడం సహజం: మానేయడం అనే అర్థం ‘గివ్’లో ఉందా, ‘అప్’లో ఉందా, రెండింటి కలయికలో ఉందా? ఈ సందేహానికి వ్యాకరణ పాఠంలో సాధారణంగా జవాబు దొరకదు. భారతీయ తత్వశాస్త్రంలో మాత్రం ఇది రెండు వేల ఏళ్లకు పైగా నలిగిన ప్రశ్న. వేదవాక్యమే ప్రమాణమని నమ్మినవాళ్లకు ఆ వాక్యం అర్థం ఎక్కడ నిలిచి ఉంటుందన్నది ధర్మానికి సంబంధించిన విషయం. మాటలో ఉంటే మాటను తవ్వాలి, వాక్యంలో ఉంటే వాక్యాన్ని పట్టుకోవాలి. అందుకే పదాల మూలాలు వెతికిన యాస్కుడి నుంచి వ్యాకరణవేత్త భర్తృహరి దాకా, వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకుల నుంచి తర్కాన్ని నడిపే నైయాయికుల దాకా ఎవరూ దీన్ని దాటి పోలేకపోయారు.

ఇంగ్లీషు విడ్డూరమని ఈ జంటలను చూసి నవ్వుకునేవాళ్లు ఒకసారి తమ ఇంటి భాష వినాలి. ‘బాకీ ఎగ్గొట్టినాడు’ అంటారు కర్నూలు వైపు. ఎగ అంటే పైకి. ఎగబాకడం, ఎగజిమ్మడం, ఎగువ అనే మాటల్లో ఆ అర్థం తేటగా ఉంది. కొట్టడం అందరికీ తెలిసిందే. ఎగ, కొట్టు కలిసి ఎగగొట్టు, వాడుకలో ఎగ్గొట్టు. బాకీ ఎగ్గొట్టినవాడు దేన్నీ కొట్టలేదు, పైకీ పంపలేదు. ఇవ్వాల్సింది ఇవ్వలేదు, అంతే. బడి ఎగ్గొట్టిన పిల్లవాడు వెళ్లాల్సిన చోటికి వెళ్లలేదు. ఎగవేయడమూ ఇలాంటిదే: పైకి వేయడం అనే మాటలు బ్యాంకు అప్పు తీర్చని పెద్దమనిషికి విశేషణమయ్యాయి. దీనికి ఎదుటి దిక్కున దిగమింగడం ఉంది. దుఃఖాన్ని దిగమింగినప్పుడు గొంతులో ఏదో కిందికి దిగినట్టు అనిపిస్తుంది కాబట్టి ఇక్కడ ‘దిగ’ ఇంకా పూర్తిగా చావలేదు. లోబడడంలో లోపలికి పడడం లేదు, విధేయత ఉంది. వెలివేయడంలో బయటికి విసరడం ఉంది, ఊరు ఒక మనిషిని తనలోంచి తీసేయడమూ ఉంది. ‘అప్’, ‘డౌన్’, ‘ఇన్’, ‘అవుట్’ నాలుగింటికీ తెలుగులో జోడీలు దొరికినట్టే.

ఇవి కాక రెండు మూడు క్రియలు ముడిపడేవి లెక్కలేనన్ని. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పటి వంటి సందర్భంలో ఎవరైనా అనే మాట ‘సామాన్లన్నీ కొట్టుకపోయినాయి’. ఈ క్రియను విడగొడితే కొట్టు, కొను, పోవు అని మూడు ముక్కలు వస్తాయి. మూడింట్లో ఏ ఒక్కదాని అర్థమూ నీళ్లు కాదు, వరద కాదు, నష్టం కాదు. అయినా వినేవాడికి నీటి వడి, అందులో తేలిపోతున్న బిందె, చేతికందని దూరం అన్నీ ఒక్కసారిగా తోస్తాయి. ఇంగ్లీషువాడు ఇదే సంగతికి ‘వాష్డ్ అవే’ అంటాడు. కడగడం, దూరంగా. ఆ ముక్కలకూ ఈ ముక్కలకూ పోలికే లేదు. చెప్పిన సంగతి ఒకటే. వెనకేసుకురావడం (ఒకరి పక్షాన మాట్లాడడం), ఎత్తిపొడవడం, కొట్టిపారేయడం, కనిపెట్టడం ఇవన్నీ ఈ కోవలోవే. తెలుగు పిల్లవాడు వీటిని ఏ జాబితా చూసీ నేర్చుకోలేదన్నది గుర్తుంచుకోవాల్సిన విషయం.

సంస్కృతంలో ఈ పని చేసేవి ఉపసర్గలు. ప్ర, పరా, అప, సమ్, అను, అవ మొదలుకొని ఉప దాకా ఇరవై రెండు. ‘హృ’ అనే ధాతువుకు అవి తగిలితే వచ్చేవి తెలుగువాళ్లంతా వాడే మాటలే: ప్రహారం దెబ్బ, ఆహారం తిండి, సంహారం చంపడం, విహారం తిరగడం, పరిహారం నష్టానికి చెల్లింపు. ధాతువు ఒక్కటే. మరి ఈ అయిదు అర్థాలు ఎవరి సొత్తు?

క్రీస్తుకు కొన్ని శతాబ్దాల ముందు యాస్కుడు నిరుక్తంలో ఈ వాదాన్ని నమోదు చేశాడు. శాకటాయనుడి మతం ప్రకారం ఉపసర్గను విడదీసి పక్కన పెడితే దానికి అర్థమే లేదు. నామానికో క్రియకో తగిలినప్పుడు, అందులో ఉన్న అర్థ విశేషాన్ని వెలిగించి చూపడమే దాని పని. దీపం కుండను తయారు చేయదు, గదిలో ఉన్న కుండను కనబడేలా చేస్తుంది. ఇలా వెలిగించే మాటను ద్యోతకం అంటారు. గార్గ్యుడు దీనికి ఒప్పుకోలేదు. ఉపసర్గలకు రకరకాల సొంత అర్థాలున్నాయన్నాడు, అంటే అవి వాచకాలు. యాస్కుడు ఇద్దరి మాటా చెప్పి, ఆ వెంటనే ఒక్కొక్క ఉపసర్గకు అర్థం చెప్పుకుంటూ పోయాడు: ‘ఆ’ ఇటువైపు, ‘ప్ర’, ‘పరా’ దానికి ఎదురు, ‘ని’, ‘అవ’ కిందికి, ‘ఉత్’ పైకి. దీన్నిబట్టి ఆచరణలో ఆయన గార్గ్యుడికే దగ్గరగా ఉన్నాడనవచ్చు.

ఇంగ్లీషు ‘అప్’ను ఈ ఇద్దరి ముందూ పెట్టి చూడడం ఉపయోగకరం. ‘స్టాండ్ అప్’లో పైకి లేవడం ఉంది, గార్గ్యుడు గెలిచాడు. ‘ఈట్ అప్’, ‘డ్రింక్ అప్’, ‘యూజ్ అప్’ అన్నప్పుడు పైకి అన్న అర్థం లేదు, కానీ మూడింట్లోనూ పూర్తిగా, ఇంక మిగలకుండా అనే ఒకే ఛాయ ఉంది. తినడం అనే క్రియకు ఎక్కడో ఒకచోట ముగింపు ఉంటుంది, ఆ ముగింపును ‘అప్’ వెలిగించింది. ఇక్కడ శాకటాయనుడి మాట బాగా నప్పుతుంది. తెలుగులో ఈ వెలుగు ‘వేయు’ నుంచి వస్తుంది: తినేసినాడు, తాగేసినాడు, వాడేసినాడు. వేయడం అంటే విసరడమే అయినా అన్నం తినేసినవాడు దేన్నీ విసరలేదు. ‘గివ్ అప్’ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఆగిపోతారు. ‘అప్’కు సొంత అర్థం చెప్పినా, ‘గివ్’లో దాగిన అర్థాన్ని అది వెలిగించిందన్నా, మానేయడం అనేది వివరణకు లొంగదు.

ద్యోతకవాదానికి బలమైన వాదన ఒకటుంది, వైయాకరణులు దాన్ని చాలా శ్రద్ధగా నడిపారు. ‘భూ’ అంటే ఉండడం. దానికి కర్మ ఉండదు. దేన్ని ఉన్నాడు అని ఎవరూ అడగరు. ‘అను’ చేరి అనుభవించడం అయితే కర్మ వచ్చి కూర్చుంటుంది: సుఖాన్ని అనుభవించాడు. కర్మను కోరడం క్రియ లక్షణం కాబట్టి ఆ కొత్త అర్థం ధాతువులోనే ఉండాలి, ఉపసర్గ దాన్ని బయటపెట్టిందంతే అన్నారు. ఇంగ్లీషులోనూ ఇదే జరుగుతుంది. ‘లాఫ్’ అంటే నవ్వడం, దానికి కర్మ అక్కర్లేదు. ‘లాఫ్ ఆఫ్’ అనగానే అవమానాన్నో దెబ్బనో నవ్వి తోసేయడం అవుతుంది, కర్మ లేకుండా నిలవదు.

స్థానం విషయంలోనూ పోలిక దగ్గరిదే. ఉపసర్గ ధాతువుకు ముందే రావాలని పాణిని నియమం. వేదంలో అది ధాతువు తర్వాత కూడా రావచ్చని, మధ్యలో వేరే మాటలు ఉన్నా ఫర్వాలేదని ఆయనే వెసులుబాటు ఇచ్చాడు. ‘పిక్ ద బుక్ అప్’ అన్న ఇంగ్లీషు వాక్యం ఆ వైదిక స్వేచ్ఛను గుర్తుచేస్తుంది. పాత ఇంగ్లీషులో ముందు తగిలే ముక్కలు బాగా ఉండేవి. ‘ఫర్గివ్’, ‘అండర్‌స్టాండ్’, ‘విత్‌స్టాండ్’ ఆ కాలపు మిగుళ్లు. కాలక్రమంలో అవి తగ్గి, క్రియ తర్వాత వచ్చే పొట్టి మాటలు పెరిగాయి. ‘ఓవర్‌లుక్’ అంటే చూడకుండా వదిలేయడం, ‘లుక్ ఓవర్’ అంటే చూసి పరిశీలించడం. అవే రెండు ముక్కలు చోటు మార్చుకుంటే అర్థం దాదాపు తలకిందులైంది. ముక్కల్లోనే అర్థమంతా ఉందనేవాళ్లు దీనికి జవాబు చెప్పాల్సి ఉంటుంది.

న్యాయశాస్త్రం ఇక్కడ మంచి పనిముట్లు ఇస్తుంది. మాటకు అర్థాన్నిచ్చే శక్తిని నైయాయికులు కొన్ని రకాలుగా చూశారు. అవయవాల అర్థమే మొత్తం అర్థమైతే యౌగికం. ‘కమ్ ఇన్’, ‘సిట్ డౌన్’ అలాంటివి. అవయవాలతో పని లేకుండా వాడుకతోనే స్థిరపడితే రూఢం. ‘గివ్ అప్’, ‘ఎగ్గొట్టు’ ఇక్కడికి వస్తాయి. ఒకే మాట ఒకచోట అవయవార్థంతో, మరోచోట రూఢితో నడిస్తే యౌగికరూఢం. ‘టేక్ ఆఫ్’ను చెప్పులకు వాడితే తీసేయడం, విమానానికి వాడితే లేవడం. ఈ వర్గీకరణతో జాబితాలోని జంటలు కష్టాన్ని బట్టి విడిపోతాయి. యౌగికాన్ని కంఠస్థం చేయనక్కర్లేదు. రూఢాన్ని ముక్కలు చేసి వివరించడం వృథా.

వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష (ఒక మాట మరో మాటను కోరడం), యోగ్యత (అర్థాలు పొసగడం), సన్నిధి ఉండాలని అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెబుతాడు. మాటల మధ్య ఆలస్యం లేకపోవడం సన్నిధి. ఒక మాట పొద్దున, ఒక మాట సాయంత్రం పలికితే బోధ కలగదు. ‘స్విచ్ ద ఫ్యాన్ ఆఫ్’లో జంట మధ్య ఫ్యాను దూరినా బోధ చెడదు, ఎందుకంటే ‘స్విచ్’ వినగానే పుట్టిన ఆకాంక్ష ‘ఆఫ్’ దాకా తెగకుండా సాగుతుంది. సర్వనామం వస్తే అది మధ్యలోనే ఉండాలి: ‘స్విచ్ ఇట్ ఆఫ్’. తెలుగు జంటలు ఇలా విడిపోవు. ఎగ, కొట్టు మధ్య బాకీ దూరదు. ఆ అలవాటుతోనే మనవాళ్లు ‘స్విచ్ ఆఫ్ ఇట్’ అంటారు. తప్పే అయినా దాని వెనక ఒక క్రమం ఉంది. దాన్ని తెలివితక్కువతనంగా చూడడం అన్యాయం.

ఈ జంటలను నేర్చుకునే తీరు గురించి అందరికన్నా లోతుగా ఆలోచించినవాళ్లు మీమాంసకులు. వాళ్లు తీసుకున్న దృశ్యం చాలా చిన్నది. ఒక పెద్దాయన మరొకరితో ఆవును తీసుకురమ్మంటాడు. అతను వెళ్లి తెస్తాడు. పక్కన పసివాడు చూస్తున్నాడు. వాడికి అప్పటికి ఒక్క మాటా రాదు. మొత్తం పలుకుకూ మొత్తం పనికీ సంబంధం ఉందని మాత్రం తెలిసింది. తర్వాత ఆవును కట్టేయమన్నారు, ఇంకోసారి గుర్రాన్ని తీసుకురమ్మన్నారు. ఒక మాట పోయి మరో మాట వచ్చినప్పుడు పనిలో ఏది మారిందో చూస్తూ పసివాడు ఆవు ఏదో, తేవడం ఏదో విడదీసుకుంటాడు. అంటే ముందు దొరికింది వాక్యం. మాట దాన్నుంచి తర్వాత తీసుకున్నది.

ఈ దృశ్యం మీదే మీమాంసకుల్లో ఒకడైన ప్రభాకరుడు తన మతాన్ని నిలబెట్టాడు. మాట ఎప్పుడూ మరో మాటతో అన్వయించిన అర్థాన్నే చెబుతుంది, ఒంటరి అర్థాన్ని కాదు. దీన్ని అన్వితాభిధానం అంటారు. కుమారిలభట్టు మాత్రం ముందు మాటలు వాటి వాటి అర్థాలు చెబుతాయి, తర్వాత ఆ అర్థాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి అన్నాడు, అది అభిహితాన్వయం. ఈ లెక్కన ‘గివ్’ చెప్పేది ఇవ్వడం, ‘అప్’ చెప్పేది పైకి, కలిస్తే పైకి ఇవ్వడం. ఆ అర్థం వాక్యంలో కుదరదు కాబట్టి లక్షణను, అంటే నేరు అర్థం కుదరనప్పుడు దానికి సంబంధించినదాన్ని తీసుకునే పద్ధతిని, ఆశ్రయించి మరో అర్థానికి పోవాలి. భాట్టుల (కుమారిలుడి అనుయాయుల) దారిలో జవాబు లేకపోలేదు, కానీ అది చుట్టుదారి. ‘ఎగ్గొట్టినాడు’ అని విన్న కల్లూరు మనిషి ముందు పైకి కొట్టడాన్ని ఊహించి, అది కుదరదని తేల్చుకుని, ఆ తర్వాత అసలు అర్థానికి రావడం ఎవరి అనుభవంలోనూ లేదు.

అయిదో శతాబ్దివాడని సాధారణంగా చెప్పే భర్తృహరి వాక్యపదీయం రెండో కాండలో ఈ చిక్కును మొదట్లోనే తెంచాడు. వాక్యం అఖండం. రంగురంగుల బొమ్మను చూసినప్పుడు ముందు బొమ్మే కనబడుతుంది, వివరించాల్సి వచ్చినప్పుడే ఇది నీలం, ఇది పసుపు అంటాం. ధాతువు వేరు, ఉపసర్గ వేరు అని విడదీయడం కూడా శాస్త్రం సౌకర్యం కోసమే, నిజానికి ఉపసర్గతో కూడినదే ధాతువు అని ఆయన తేల్చాడు. పదాల విభాగం పిల్లలకు నేర్పడానికి వేసిన మెట్టులాంటిది. పైకి చేరాక మెట్టును వాక్యంలో భాగమనుకోకూడదు.

భర్తృహరి మాటకు సాక్ష్యం ఇప్పుడు ప్రతి ఇంట్లో వినిపిస్తోంది. ‘ఫోన్ స్విచాఫ్ వస్తాంది’ అనే వాక్యంలో స్విచ్ ఏదో ఆఫ్ ఏదో ఎవరూ వెతకరు. అది ఒక్క మాట. దానికి ‘వచ్చు’ అనే తెలుగు క్రియ తగిలింది. స్విచాఫ్ చేసినాడు, స్విచాఫ్ అయింది, స్విచాఫ్ వస్తాంది: మూడూ వేరు వేరు సంగతులు, మూడూ నికార్సయిన తెలుగు. చెకప్, పికప్, బిల్డప్, కటాఫ్, కటౌట్ ఇలాగే ముక్కలు మరిచిపోయి తెలుగులో స్థిరపడ్డాయి. ఇంగ్లీషు ఒక్క వాక్యం రానివాళ్లు కూడా వీటిని తప్పు లేకుండా వాడుతున్నారంటే, అర్థం ముక్కల్లోంచి కాక వాడుకలోంచి అందిందనే చెప్పాలి.

అయితే ఒక అభ్యంతరాన్ని దాటవేయలేం. మొత్తమే అర్థమైతే కొత్త జంటలు ఎలా పుడుతున్నాయి? ‘ఫార్వర్డ్ చేసేసినాడు’, ‘డిలీట్ చేసేసినాడు’ అన్నవి పాతవాళ్లెవరూ అనని మాటలు. అయినా మొదటిసారి విన్నవాడికీ ఆ ‘ఏసినాడు’లోని తెగింపు, పూర్తి అయిపోవడం తెలుస్తాయి. కాబట్టి ముక్కకు ఒక శక్తి ఉండనే ఉంది. వినేవాడి వైపు నుంచి చూస్తే భర్తృహరి చెప్పింది నిజం; కొత్త మాట కట్టేవాడి వైపు నుంచి చూస్తే గార్గ్యుడి మాటను తీసేయలేం. ఈ రెండింటినీ ఒకే కొలతకు దించాలన్న పట్టుదల వల్లే వాదం ఇన్నాళ్లు సాగిందేమో.

ఈ చర్చ మతగ్రంథాల్లోని పెద్ద మాటల దగ్గరికి వచ్చేసరికి బరువెక్కుతుంది, ఎందుకంటే వాటిలో చాలా వరకు ఉపసర్గ జంటలే. ‘నిర్’, ‘వా’ కలిసిన నిర్వాణం ఊది ఆర్పినట్టు ఆరిపోవడం. ఇంగ్లీషు ‘బ్లో అవుట్’కు ముక్కకు ముక్క సరిపోతుంది. దీపం ఆరడం అనే ఇంటి సంగతి బౌద్ధుల పరమపదానికి పేరైంది. అవతారంలో ‘అవ’ కిందికి, ‘తౄ’ దాటడం: దిగి రావడం. ఉపనిషత్తును ఆధునిక పండితులు చాలామంది ‘దగ్గరగా కింద కూర్చోవడం’ అని విడదీసి గురువు పక్కన శిష్యుడిని చూస్తారు. శంకరాచార్యులు అందులో కూర్చోవడాన్ని చెప్పే ఆ ‘సద్’ ధాతువుకే శిథిలం చేయడం, పొందించడం, నశింపజేయడం అనే అర్థాలు తీసుకుని, అవిద్యను నాశనం చేసి బ్రహ్మాన్ని చేర్చే విద్యే ఉపనిషత్తు అన్నారు. ముక్కలు అవే, విడగొట్టిన తీరూ అదే, దర్శనం మాత్రం వేరు. ఆయన ముక్కల నుంచి సిద్ధాంతానికి రాలేదు. సిద్ధాంతం వెలుగులో ముక్కలను చదివారు. వ్యుత్పత్తి చెప్పి తత్వం నిరూపించామనుకునే ప్రసంగాలు ఈ తేడాను తరచూ మరిచిపోతాయి.

సన్న్యాసం మరీ దగ్గరి ఉదాహరణ. సమ్, ని అనే రెండు ఉపసర్గలు, విసరడం అనే అర్థమున్న ‘అస్’ ధాతువు. పూర్తిగా, కిందికి, విసిరేయడం. తెలుగువాడు వదిలేసినాడు, మానేసినాడు అన్నప్పుడు చివర వినబడే ‘వేయు’ కూడా విసరడమే. ఇంగ్లీషువాడు అక్కడే ‘గివ్ అప్’ అంటాడు: సంసారాన్ని గివ్ అప్ చేశాడు. ఆటలో అలిసిపోయి చేతులెత్తేసినవాడికీ అదే మాట, సిగరెట్లు మానేసినవాడికీ అదే, శత్రువుకు లొంగిపోయినవాడికీ అదే. తెలుగులో వీటికి నాలుగు వేరు మాటలున్నాయి కాబట్టి భగవద్గీత ఇంగ్లీషు అనువాదం చదివే తెలుగు పాఠకుడికి త్యాగం దగ్గర ‘గివ్ అప్’ కనబడితే మనసు నొచ్చుకుంటుంది. ఓడిపోయినవాడి మాటను త్యాగికి ఎలా అంటగట్టారని అనిపిస్తుంది.

గీత పద్దెనిమిదో అధ్యాయం చదివితే ఆ నొప్పి కొంత సర్దుకుంటుంది. కామ్యకర్మలను వదలడం సన్న్యాసమని, అన్ని కర్మల ఫలాన్ని వదలడం త్యాగమని మొదట విభాగం చెప్పి, తర్వాత కృష్ణుడు త్యాగాన్నే మూడుగా విడదీస్తాడు. చేయాల్సిన పనిని మోహంతో వదిలేస్తే తామస త్యాగం. ఒళ్లు నొస్తుందన్న భయంతో, కష్టమని వదిలేస్తే రాజస త్యాగం. దాని వల్ల త్యాగఫలం దక్కదు. చేయాల్సిందే కదా అని చేస్తూ, ఆసక్తినీ ఫలాన్నీ మాత్రం వదిలితే సాత్విక త్యాగం. అలిసిపోయి చేతులెత్తేసినవాడి ‘గివ్ అప్’ ఈ లెక్కలో రాజస త్యాగం పక్కనే కూర్చుంటుంది. సంస్కృతం కూడా ఆ ముగ్గురికీ వేరు ధాతువులు వెతకలేదు. ‘త్యజ్’ అనే ఒక్క ధాతువుతోనే ముగ్గురి గురించీ చెప్పింది. ఎవడు ఓడిపోయి వదిలాడో, ఎవడు దాటిపోయి వదిలాడో ఆ శ్లోకాల్లో తేల్చేది క్రియ పక్కన చేరిన మాటలు: మోహంతో, భయంతో, ఆసక్తి లేకుండా.